పంచదార మానిపించి పిల్లలకు బిళ్ళ వేయవచ్చునా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



సామర్లకోటలో కూర్చుని తీపి తగ్గించండి అని చెప్పటం కాస్త కష్టమైన పనే. డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ పేరు వినని పెద్దవాళ్ళు ఈ ఊళ్ళో ఉండరు. ఆ చక్కెర ఫ్యాక్టరీతో పాటే పెరిగిన ఊరు ఇది. ఇక చుట్టుపక్కల చూస్తారా, కాకినాడలో కోటయ్య కాజా, తాపేశ్వరంలో మడతకాజా, ఆత్రేయపురంలో పూతరేకులు. చుట్టం వస్తే తీపి, చుట్టం వెడుతుంటే తీపి. శుభవార్త వింటే ముందు నోరు తీపి చేసుకోవటం మన అలవాటు.

ఇటువంటి ఇళ్ళలోనే ఈ మధ్య పంచదార డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా చేరింది. అందులో కందిగింజంతైనా లేని తెల్లటి బిళ్ళలు. అవి తాతగారి కాఫీకి. ఆయనకు షుగరు వ్యాధి. అంతవరకూ బాగానే ఉంది. కాని చాలామంది తల్లులు అడిగే ప్రశ్న వేరు. "మా మామగారికి షుగరండీ. మావారికి కూడా రాబోతోందని డాక్టరుగారు హెచ్చరించారు. రేపు పిల్లాడికి రాకుండా ఇప్పటినుంచే వాడి పాలల్లోనూ ఆ బిళ్ళే వేస్తే ముందుజాగ్రత్త కాదుటండీ?" అని. ఈ ప్రశ్నలో భయమూ ఉంది, ప్రేమా ఉంది. అందుచేత దీనికి తిన్నగా జవాబు చెప్పుకోవాలి.

ముందు పంచదార లెక్క చూద్దాం. చిన్న చెంచాడు పంచదార అంటే నాలుగు, ఐదు గ్రాములు. అమెరికాలోని హృద్రోగ నిపుణుల సంఘం 2016లో ఒక హద్దు చెప్పింది. రెండేళ్ళు నిండినప్పటినుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా పిల్లలకు రోజు మొత్తం మీద మనం కలిపే తీపి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు మించకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు అసలు కలపనే కూడదు. ఇప్పుడు మన ఇంటి లెక్క వేసుకోండి. పొద్దున్న పాలల్లో రెండు చెంచాలు, సాయంత్రం పాలల్లో రెండు. నాలుగు అయిపోయాయి. బడినుంచి రాగానే నాలుగు క్రీము బిస్కట్లు తింటే మిగిలిన రెండూ సరి. ఆ తరువాత తినే కాజా, తాగే కూల్‌డ్రింకు అంతా అప్పు కిందే లెక్క. 300 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కదానిలోనే 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. పళ్ళు పుచ్చిపోవటం, ఒళ్ళు రావటం, అన్నం దగ్గర ఆకలి లేకపోవటం, వీటి వెనక ఈ లెక్కే ఉంటుంది.

అయితే పంచదార బదులు వేసే ఈ బిళ్ళలు ఏమిటి? ఇవి ఎక్కువగా ప్రయోగశాలల్లో, అనుకోకుండా దొరికినవే. అన్నిటికన్నా పాతది సాకరిన్. 1879లో అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పని ముగించుకుని చేతులు సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడట. రొట్టె తియ్యగా ఉండేసరికి ఇదేమిటా అని వెతికితే సాకరిన్ బయటపడింది. 1965లో అస్పర్టేమ్ కూడా అలాగే, ష్లాటర్ అనే ఆయన కాగితం తీయబోతూ వేలు నాకితే దొరికింది. సుక్రలోజు కథ మరీ తమాషా. 1976లో లండనులో పరిశోధన చేస్తున్న మన భారతీయుడు శశికాంత్ ఫడ్నిస్‌ను ఆచార్యులు ఆ పొడిని పరీక్షించమన్నారు. ఇంగ్లీషులో పరీక్షించటానికీ రుచి చూడటానికీ మాటలు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా. ఆయన రుచి చూడమన్నారనుకుని నాలిక మీద వేసుకున్నారు! అస్పర్టేమ్ పంచదారకన్నా సుమారు 200 రెట్లు తీపి, సుక్రలోజు సుమారు 600 రెట్లు. అందుకే చిటికెడులో వందోవంతు చాలు. స్టీవియా మాత్రం దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతపు మొక్క. దాని ఆకులనుంచి తీసిన తీపిని మన దేశంలో 2015లో అనుమతించారు.

ఇవి విషాలా? కాదు. భయపెట్టటం నా ఉద్దేశం కాదు. 1970 ప్రాంతంలో సాకరిన్ పెట్టిన ఎలుకలకు మూత్రాశయంలో కంతులు వచ్చాయని గొడవ పుట్టింది. అమెరికాలో 1977 నుంచి డబ్బాల మీద హెచ్చరిక వేయించారు. ఎలుక శరీరంలో జరిగేది మనిషి శరీరంలో జరగదని తేలాక 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అస్పర్టేమ్‌ను "క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే జాబితాలో చేర్చింది. అయితే అప్పుడే, ఆహారంలో కలిపేవాటిని పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం ఉన్న సాక్ష్యం చాలదని చెప్పి, పాత హద్దునే ఉంచింది. ఆ హద్దు ఒంటి బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములు.

ఇక్కడే తల్లులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. హద్దు బరువును బట్టి. డైట్ కోలా డబ్బా ఒకదానిలో 200 నుంచి 300 మిల్లీగ్రాముల అస్పర్టేమ్ ఉంటుందనుకుందాం. 70 కిలోల పెద్దమనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకు తొమ్మిది డబ్బాలకు పైగా తాగాలి. అదే 15 కిలోల పిల్లవాడికైతే 600 మిల్లీగ్రాములే హద్దు. అంటే రెండు, మూడు డబ్బాలు. తాతగారికి ఏమీ కానిది మనవడికి చాలా త్వరగా ఎక్కువవుతుందన్నమాట. పెద్దల కొలత పిల్లలకు పనికిరాదు.

సరే, హద్దులో వాడితే లాభమైనా ఉందా? ఇది అసలు ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. హాలెండులో 641 మంది పిల్లల మీద ఏడాదిన్నరపాటు ఒక పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళంతా అంతకుముందే తీపి పానీయాలు తాగే అలవాటున్న పిల్లలు. సగం మందికి పంచదార పానీయం, సగం మందికి అదే రుచిగల బదులుతీపి పానీయం ఇచ్చారు. రెండో జట్టు పిల్లలు సుమారు ఒక కిలో తక్కువ బరువు పెరిగారు. కనుక రోజూ కూల్‌డ్రింకు తాగే పిల్లవాడికి ఇది కొంత మేలే. కాని ఆ పరీక్షలో మంచినీళ్ళతో పోల్చి చూడలేదు. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో పరిశోధనలు కలిపి చూసి, బరువు తగ్గటానికనీ, జబ్బులు రాకుండా ఉండటానికనీ ఈ బదులుతీపులను వాడవద్దని సలహా ఇచ్చింది. దీర్ఘకాలంలో అవి పెద్దలకు గాని పిల్లలకు గాని కొవ్వు తగ్గించినట్టు కనపడలేదు. "రేపు షుగరు రాకుండా" అని పాలల్లో బిళ్ళ వేసే తల్లికి ఇదే జవాబు.

ఎందుకు తగ్గటం లేదంటే, నాలిక మారటం లేదు కనుక. బిళ్ళ పంచదారను తీసేస్తుంది గాని తీపి అలవాటును తీసేయదు. రెండు చెంచాల తీపి మరిగిన పిల్లవాడు బిళ్ళ వేసినా అంత తీపే అడుగుతాడు. అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు అక్కడ బిళ్ళ ఉండదు, పంచదారే ఉంటుంది! చిన్నతనపు తీపి ఎంత దూరం వస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కూడా బ్రిటన్‌లో పంచదారకు రేషను ఉండేది. 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. దానికి కాస్త ముందు పుట్టినవాళ్ళనూ, తరువాత పుట్టినవాళ్ళనూ పోల్చి 2024లో శాస్త్రజ్ఞులు ఫలితాలు ప్రకటించారు. కడుపులో ఉన్నప్పుడూ, మొదటి రెండేళ్ళూ పంచదార తక్కువగా దొరికిన పిల్లలకు పెద్దయ్యాక షుగరు వ్యాధి వచ్చే అవకాశం సుమారు మూడోవంతు తగ్గిందట. అక్కడ పంచదార తగ్గిందంతే.

ఇక వంటింటి సంగతి. బిళ్ళతో పాకం రాదు. తీగపాకం, ముదురుపాకం పంచదార, బెల్లం చేసే పని. అస్పర్టేమ్‌ను మరిగిస్తే తీపి పోతుంది, కనుక పరవాన్నంలో వేసి ఉడికించి లాభం లేదు. షుగర్‌ఫ్రీ అని అమ్మే మిఠాయిల్లో, చాక్లెట్లలో తరచు మాల్టిటాల్, సార్బిటాల్ అనేవి వేస్తారు. ఇవి పొట్టలో పూర్తిగా అరగవు. నాలుగు ఎక్కువ తింటే పిల్లలకు కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. పైగా షుగర్‌ఫ్రీ మిఠాయిలో నెయ్యి, పిండి, జీడిపప్పు ఎక్కడికీ పోవు సుమా! పంచదార లేదు కదా అని రెండు ఎక్కువ పెట్టటం పొరపాటు.

"పోనీ బెల్లం వేస్తే?" అంటారు. బెల్లం మన సొంతం, అనకాపల్లి బెల్లానికి దేశమంతటా పేరు. కొంచెం ఇనుము వంటి లవణాలు ఉంటాయి, నిజమే. కాని బెల్లంలో చాలా భాగం పంచదారే. తాటిబెల్లమూ అంతే, తేనె కూడా తీపి లెక్కలోదే. రుచి కోసం వాడండి, కాని చెంచాలు లెక్కపెట్టండి. ఏడాది నిండని పసివాళ్ళకు తేనె నాకించవద్దు. అరుదుగానైనా ప్రాణాపాయమైన జబ్బు వస్తుంది.

మరి ఈ బిళ్ళలు ఏ పిల్లలకూ వద్దా? కొందరికి కావాలి. చిన్నతనంలోనే వచ్చే షుగరు వ్యాధికి ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఉంటారు. వాళ్ళకు డాక్టరుగారు చెప్పిన కొలతలో ఇవి నిజంగా వరం. స్నేహితుల పుట్టినరోజున నలుగురిలో తామూ ఒకరుగా ఏదో ఒకటి తినగలుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అప్పటికే షుగరు ఉన్నవారికి వర్తించదు. అలాగే పుట్టుకతో వచ్చే ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన లోపం ఉన్న పిల్లలకు అస్పర్టేమ్ బొత్తిగా పనికిరాదు.

ఒక్కచోట మాత్రం ఎవరికైనా సరే పంచదారకు బదులు బిళ్ళ వేయకూడదు. విరేచనాలప్పుడు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. నీళ్ళలో. అందులోని గ్లూకోజు రుచికోసం కాదు, పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకునేందుకు. బదులుతీపి ఆ పని చేయలేదు. అలాగని తీపి ఎక్కువైనా విరేచనాలు ముదురుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. పేరులో మాత్రం ఓ.ఆర్.ఎస్. పెట్టుకుని ఎంతో ఎక్కువ పంచదారతో అమ్మే పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఏళ్ళతరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పాకెట్టు మీద మాట చదవటం ఎంత అవసరమో ఆవిడ మనందరికీ నేర్పారు.

కనుక మీరూ చదవండి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 950, 951, 954, 955, 960 అనే అంకెలు కనపడితే అవి వరుసగా అసిసల్ఫేమ్, అస్పర్టేమ్, సాకరిన్, సుక్రలోజు, స్టీవియా. డైట్ పానీయాల డబ్బా మీద పిల్లలకు సిఫారసు చేయము అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం కూడా చూస్తారు. అమ్మేవాడే వద్దని రాసినప్పుడు మనం ఎందుకు పెట్టాలి?

మరి ఏం చెయ్యాలి? ఒక్కరోజులో మానిపించబోతే పిల్లలు పాలగ్లాసు తోసేస్తారు. రెండు చెంచాలు వేసేచోట వారంరోజులు ఒకటిన్నర వేయండి. తరువాత ఒకటి, ఆపైన అర. నెల తిరిగేసరికి పాల సహజమైన తీపి నాలికకు తెలుస్తుంది. పాలల్లో కలిపే పొడిలోనే పంచదార ఉంటే పైన ఇంకా వేయవద్దు. దాహానికి మంచినీళ్ళు, మజ్జిగ, లేత కొబ్బరినీళ్ళు ఇవ్వండి. సాయంత్రానికి అరటిపండు, జామకాయ, ఉడికించిన వేరుశెనగలు, కాలంలో తాటి తేగలు. మన గోదావరి జిల్లాలకు వీటికి కొదవేమిటి? పండగనాడు బూరె తిననివ్వండి, కాజా కొరకనివ్వండి. పండగతీపి పిల్లల్ని పాడుచేయదు, ప్రతిరోజూ పండగ చేస్తేనే చిక్కు.

ఇంకొక్క మాట. ఈ పని తల్లి ఒక్కతే చేసేది కాదు. బామ్మగారు చాటుగా చెంచాడు వేస్తే, నాన్నగారు వస్తూ వస్తూ చాక్లెట్టు తెస్తే మన లెక్క తప్పుతుంది. ఇంట్లో అందరూ కలిసి తగ్గించుకుంటే తాతగారికి కూడా మేలే. ఆయన బిళ్ళల డబ్బా ఆయనకు ఉండనివ్వండి, పిల్లలకు అందనంత ఎత్తున పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి పంచదార బదులు కావలసింది ఇంకో తీపి కాదు, కాస్త తక్కువ తీపి.