ముల్లు దిగినా... ఆగదు సైకిల్!

తెల్లవారుజామునే బయల్దేరారు. ఊరు దాటి నలభై కిలోమీటర్లు వచ్చేశారు. సన్నటి టైర్ల రోడ్ సైకిల్ దూసుకుపోతోంది. ఇంతలో... పల్లేరుకాయ! బుస్సుమంటూ గాలంతా పోయింది. ఇక ఎండలో కూర్చుని ట్యూబు మార్చుకోవాల్సిందే. అదే ట్యూబ్‌లెస్ టైరైతే? ముల్లు దిగిన సంగతి చాలాసార్లు ఇంటికొచ్చాకగానీ తెలియదు!

కార్లకీ స్కూటర్లకీ ఈ టైర్లు మనకు పాతవే. రోడ్ సైకిళ్లకే ఆలస్యంగా వచ్చాయి. 1880ల చివర్లోనే డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైర్లు అమర్చాడు. ట్యూబు అక్కర్లేని రోడ్ సైకిల్ టైర్లను షిమానో, హచిన్‌సన్ సంస్థలు తీసుకొచ్చింది మాత్రం 2006లో.

కిటుకంతా లోపల పోసే 'సీలెంట్'లో ఉంది. చూడ్డానికి పాలలా ఉండే ఈ ద్రవం, చిల్లు పడగానే గాలితోపాటు తన్నుకొచ్చి అక్కడే గడ్డకడుతుంది. పైగా గుంతలో పడితే నలిగిపోవడానికి ట్యూబే లేదు. అందుకే గాలి కాస్త తగ్గించుకోవచ్చు, గతుకుల రోడ్డులో ఒళ్లు హూనమవదు.

ఇంట్లోనే ఇలా...

ముందుగా టైరూ రిమ్మూ రెండూ ట్యూబ్‌లెస్‌వేనా అన్నది చూసుకోవాలి. మామూలు టైరుతో ప్రయోగాలొద్దు. రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, ఆరాక లోపలివైపు ప్రత్యేకమైన టేపును ముడత లేకుండా బిగించి అంటించాలి. వాల్వు దగ్గర చిన్న రంధ్రం చేసి వాల్వు బిగించాలి. టైరు అంచులకు సబ్బునీళ్లు రాసి ఎక్కించి, ఒక్కసారిగా గాలి కొట్టాలి. 'టప్... టప్' మని చప్పుడైతే అంచులు కూర్చున్నట్టే. మామూలు పంపుతో కాకపోతే కంప్రెసర్ కావాలి. తర్వాత గాలి తీసి, వాల్వు లోపలి పిన్ను విప్పి, సిరంజితో సీలెంట్ పోయాలి. టైరు సైజును బట్టి 30 నుంచి 60 మిల్లీలీటర్లు చాలు. మళ్లీ గాలి నింపి చక్రాన్ని అన్నివైపులా తిప్పితే సరి.

గాలి... జాగ్రత్త!

సన్నటైరంటే 100 పీఎస్ఐ దాకా కొట్టడం చాలామందికి అలవాటు. ఇక్కడే ప్రమాదం. టైరును పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు కొన్ని కొత్త రిమ్ములకు ఉండదు. వాటిని 'హుక్‌లెస్' అంటారు. వాటిలో గాలి 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ దాటకూడదు. టైరు మీదా రిమ్ము మీదా రాసిన అంకెల్లో ఏది తక్కువైతే అదే హద్దు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ టైరు రిమ్ము నుంచి ఊడి, ఆయన కిందపడ్డారు. కారణంపై వాదనలు ఎన్ని ఉన్నా, ఆ తర్వాత హుక్‌లెస్ రిమ్ముల భద్రతపై పెద్ద చర్చే నడిచింది.

సీలెంట్ శాశ్వతం కాదు, ఎండిపోతుంది. మన ఎండలకు రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి. గాజుపెంకు టైరును పెద్దగా చీల్చితే అదీ ఆదుకోలేదు. కాబట్టి దూరం వెళ్లేటప్పుడు సంచీలో ఓ ట్యూబు పడేసుకోండి. ట్యూబ్‌లెస్ అయినా సరే!