ఉచిత ఔషధము గ్రామమునకు చేరిన విధము

ఏటి యొడ్డున నున్న సారవంతమైన భూమిని రైతు తనంతట తాను విడిచి పోవునా? పశ్చిమాఫ్రికాలో అనేక గ్రామములవారు అట్లే విడిచిపోయిరి. వేగముగా ప్రవహించు నదులలో పెరుగు ఒక చిన్న నల్లని ఈగ అందులకు కారణము. అది కుట్టినప్పుడు సన్నని పురుగులు మనుష్యుని శరీరమున ప్రవేశించును. వాని పిల్లలు చర్మమున చేరి భరింపరాని దురద కలిగించును. కంటిని చేరి క్రమముగా చూపును హరించును. దీనికే నదీ అంధత్వమని పేరు. 1974 నుండి నదులపై మందు చల్లి ఈగలను అరికట్టు కార్యక్రమము సాగినది. కాని గ్రామములలో అందరికిని నిర్భయముగా ఈయదగిన ఔషధము లేకుండెను.

కంపెనీ నిర్ణయము

జపాను దేశపు మట్టిలో లభించిన ఒక సూక్ష్మజీవి నుండి ఐవర్‌మెక్టిన్ అను ఔషధము పుట్టినది. ఇందులకు కృషిచేసిన సతోషి ఓమురా, విలియం కాంబెల్ అను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. మొదట పశువులకు వాడిన ఈ మందు నదీ అంధత్వమునకును పనికివచ్చునని తేలినది. అయితే దాని అవసరము గలవారికి కొను శక్తి లేదు. అందుచే 1987లో అమెరికాలోని మెర్క్ కంపెనీ, కావలసినంత మందును కావలసినంత కాలము ఉచితముగా ఇచ్చెదమని ప్రకటించెను.

పని పంపకము

మందు ఓడరేవు చేరినంత మాత్రమున రోగి నోటిలో పడదు. కంపెనీ మందు నిచ్చినది. నిపుణుల సంఘ మొకటి అర్జీలను పరిశీలించినది. ప్రభుత్వ ఆరోగ్యశాఖలతో కలిసి కార్టర్ సెంటర్, సైట్‌సేవర్స్ వంటి లాభాపేక్ష లేని సంస్థలు శిక్షణకు, రవాణాకు తోడ్పడినవి.

తొలుత బయటివారు వాహనములలో వచ్చి మందు పంచిరి. ఖర్చు అధికమయ్యెను, పొలమునకు పోయినవారికి మందు అందలేదు. 1990ల నుండి పద్ధతి మారినది. ఎప్పుడు పంచవలెనో, ఎవరు పంచవలెనో గ్రామస్థులే నిర్ణయించుకొనిరి. తూనికకు బదులు గుర్తులు గల కర్రతో మనిషి ఎత్తు కొలిచి, ఒకటి మొదలు నాలుగు మాత్రల వరకు ఇచ్చిరి. గర్భిణులకు, మిక్కిలి చిన్నపిల్లలకు, తీవ్రముగా జబ్బుపడినవారికి ఈయలేదు. పెద్ద పురుగులు పదేండ్లకు పైగా బ్రతుకును గనుక ఏటేటా మందు మ్రింగుట అవసరమైనది.

కొలంబియా 2013లో, ఈక్వడార్ 2014లో, మెక్సికో 2015లో, గ్వాటెమాల 2016లో ఈ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ధ్రువీకరింపబడినవి. ఆఫ్రికాలో మొదటిగా నైజర్ 2025లో ఆ గుర్తింపు పొందినది.

లోపములును లేకపోలేదు. లోవా అను మరొక పురుగు అధికముగా నున్న తావులలో ఈ మందే ప్రమాదకరము కాగలదు. జీతము లేక ఏండ్ల తరబడి మందు పంచిన గ్రామస్థుల శ్రమ సామాన్యమైనది కాదు.

మనము గ్రహింపవలసినది

మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, నిర్ణీత స్థాయికి చేరిన కంపెనీలు తమ గత మూడేండ్ల సగటు లాభములో కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆ ధనముతో స్వచ్ఛంద సంస్థలు మీ గ్రామమునకును రావచ్చును. అప్పుడు పంచాయతీ సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయుట మేలు. ఈ పని గ్రామమునకు నిజముగా అవసరమా? ఎన్నేండ్లు సాగును? నిర్వహణ ఖర్చు ఎవరిది? నిర్ణయములో గ్రామసభకు చోటు కలదా? వీనికి సరియైన సమాధానము దొరికిననాడే ఉచితముగా వచ్చినది ఉపయోగకరమగును.