పెరటి సందు

పాత దస్తావేజులలో ఇల్లు అమ్మేవారు నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో దానిని ఒప్పగించేవారు. నేలలో దొరకబోయే నిధికి సైతం అందులో చోటున్నది. పొరుగువారు మన పెరటి సందుగుండా వీధిలోకి నడిచే దారి మాత్రం ఆ ఎనిమిదింటిలో లేదు. జీవితకాలపు పొదుపంతా ధారపోసి కొన్న ఇంటిని కోర్టుకెక్కించడానికి ఆ మూరెడు సందు చాలు.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం ఒకరి స్థలంలోనుంచి 20 ఏళ్ళు బహిరంగంగా, శాంతియుతంగా, నిరాటంకంగా, తన హక్కుగా నడిచినవానికి ఆ దారి హక్కవుతుంది. "ఇటు వెళ్ళవచ్చునా?" అని అనుమతి పుచ్చుకొని నడిచినవానికి ఎన్నేళ్ళయినా ఆ హక్కు రాదు. మర్యాదస్థునికి చట్టమిచ్చిన బహుమానమిది! అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నప్పుడు వెనుకవాటాకు వేరే మార్గమే లేకపోతే, పంపకం కాగితంలో లేకున్నా 13వ సెక్షను ముందువాటాగుండా దారి ఇస్తుంది.

కొనేవారు ఈసీ తీయించి నిశ్చింతగా ఉంటారు. అందులో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. కాళ్ళు వ్రాసిన దస్తావేజు అందులోకి ఎక్కదు. ఇల్లు చేతులు మారినంతమాత్రాన ఆ హక్కు చెరగదు కూడా. కనుక బయానా ఇవ్వకముందే పెరటి తలుపు తీసి చూడాలి. సందులో గడ్డి మొలిచినదా, నేల నడకకు గట్టిపడినదా? ప్రక్కింటి వృద్ధులను అడగాలి. వివాదమున్నదని తేలితే అమ్మేవారి నోటిమాట చాలదు. పొరుగువారిని కూడా చేర్చి, దారి వెడల్పు, హద్దులు కొలతలతో వ్రాయించి, రిజిస్టరు చేయించిన పిమ్మటనే బేరం. "ముందు గోడ కట్టండి, తరువాత చూద్దాం" అనే హితైషులు వకీలు ఫీజులో వాటా పెట్టరు.