పత్తాలాట బంద్, క్రేట్ మాత్రం ఓపెన్: ఫ్రీ గేములో పైసలు ఎట్ల పోతయ్?

ఈ ఎపిసోడ్‌లో గేమ్ రివ్యూ లేదు. మా గోదావరిఖనిలో ఒక అన్న నన్ను ఆపి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రమే ఉంది.

అన్న బాయిలో పనిచేస్తడు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిండంటే మధ్యాహ్నం దాకా నిద్రే. కొడుకు ఏడో తరగతి. అన్న ఫోన్‌లో యూపీఐ పెట్టి ఇచ్చిందే ఆ పిల్లగాడు కాబట్టి పిన్ వానికి నోటికి వచ్చు. దసరాకు లాభాల వాటా పడ్డ ఖాతాలో లెక్క తేడా వస్తే స్టేట్‌మెంట్ తీయించిండు. 79 రూపాయలు, 159 రూపాయలు, మళ్లా 79, ఒక్కోరోజు 399. మొత్తం కలిపితే 11 వేలు దాటింది. అన్ని ఒకే గేముకు.

అన్న నన్ను కోపంగా ఏం అనలే. ఒక్కటే అడిగిండు: "తమ్మీ, నువ్వు చిన్నప్పటి నుంచి గేములే ఆడుతవు కదా. మావోడేమో ఆట ఫ్రీ అంటడు. ఫ్రీ ఆటకు పైసలెట్ల పోయినయ్?"

నాకు అక్కడికక్కడ సరిగ్గా చెప్పరాలే. అందుకే ఇయ్యాల కూర్చొని చెప్తున్న. అన్నా, నువ్వు చూస్తే నీకోసమే ఈ ఎపిసోడ్.

మేం ఆడిన రోజులు

మా చిన్నప్పుడు టీవీకి పెట్టే క్యాసెట్ గేమ్ ఉండేది. మారియో, కాంట్రా. తర్వాత నెట్ సెంటర్. గంటకు ఇంత అని కట్టి రోడ్ రాష్, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడేటోళ్లం. గంట అయిపోతే నెట్ సెంటరాయన లేపి పంపేటోడు. ఆ ఆటకు మొదలు ఉండేది, చివర ఉండేది. ఎంత ఖర్చు అయితదో కూర్చునే ముందే తెలుసు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలె. మేం ఆడిన సీడీల్లో ఎక్కువ శాతం పైరసీవే. అసలు గేమ్ వెయ్యి, రెండు వేలు పెట్టి కొనే స్తోమత మాకు లేదు, కొనాలన్న ఆలోచనా లేదు. మన దగ్గరే కాదు, కొరియా, చైనాలో కూడా పైరసీ ఎక్కువే. అట్లాంటి చోట డబ్బాలో పెట్టి గేమ్ అమ్మితే గిట్టదని కంపెనీలకు అర్థమైంది. ఆట ఫ్రీగా ఇచ్చి, లోపల వస్తువులు అమ్మే పద్ధతి ముందు కొరియా లాంటి దేశాల్లోనే బలపడింది. అంటే ఈ కథలో మా చెయ్యి కూడా కొంత ఉన్నది.

ఇంకోటి కూడా చెప్పాలె. ఫ్రీ గేమ్ అనేది చెడ్డదేం కాదు. వేలు పెట్టి కన్సోల్ కొనలేని ఇంటి పిల్లగాడు కూడా తండ్రి పాత ఫోన్‌లో ప్రపంచంతో ఆడుతున్నడు. అది మంచిదే. నా పంచాయితీ ఆటతోని కాదు. ఆట లోపల పెట్టిన దుకాణంతోని.

గుర్రం కవచం నుంచి క్రేట్ దాకా

2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచం రెండున్నర డాలర్లకు అమ్మిండ్రు. గేమర్లందరూ నవ్విండ్రు, తిట్టిండ్రు. కానీ ఒక్క మాట గమనించండి. అక్కడ నువ్వు కవచానికి పైసలిస్తే కవచమే వచ్చేది. ధర ముందే రాసి ఉండేది.

తర్వాత వచ్చింది లూట్ బాక్స్. మన పిల్లల భాషలో క్రేట్. పైసలు ఇచ్చి పెట్టె కొంటవు. లోపల ఏముందో తెరిచినంక గానీ తెలవదు. అందులో నువ్వు కోరుకున్న గన్ స్కిన్ రావొచ్చు, పనికిరాని టోపీ రావొచ్చు.

చిన్న లెక్క చూద్దాం. క్రేట్ 50 రూపాయలు, మంచి స్కిన్ వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. పిల్లగాడు ఏమనుకుంటడు? వంద తెరిస్తే ఒకటి వస్తది కదా అని. అట్ల రాదు. ప్రతి క్రేట్ కొత్త క్రేటే. ముందు 99 సార్లు ఓడిన సంగతి వందో క్రేట్‌కు తెలవదు. లెక్క కడితే, వంద మంది పిల్లలు తలా వంద క్రేట్లు, అంటే తలా 5 వేల రూపాయలవి తెరిస్తే, దాదాపు 37 మందికి ఆ స్కిన్ అసలు రాదు. కొన్ని గేములు ఇన్ని తెరిస్తే గ్యారంటీ అంటయ్. వినడానికి దయగా ఉంటది. కానీ 60 తెరిచి ఖాళీ చేతులతో ఉన్నోడు ఇంకో 20కే గ్యారంటీ అని చూస్తే ఆగుతడా?

రెండో కిటుకు నాణేలు. గేములో రూపాయి కనపడదు. డైమండ్స్, యూసీ, కాయిన్స్ ఉంటయ్. నీకు కావాల్సిన వస్తువు 300 కాయిన్లు అయితే అమ్మే ప్యాక్ 250ది ఉంటది, లేదంటే 550ది. 300ది ఉండదు. కొన్నంక 250 మిగులుతయ్. మిగిలినయ్ వృథా పోవద్దని మళ్లా కొంటవు. అన్న స్టేట్‌మెంట్‌లో ఉన్న 79లు, 159లు అట్ల వచ్చినయే.

పత్తాలాటకు, దీనికి తేడా ఏంది?

ఇది మన తెలుగోళ్లకు కొత్త చర్చ కాదు. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నది. ఏ ముక్క పారేసినమో గుర్తు పెట్టుకోవాలె, ఏది ఆపుకోవాలో ఆలోచించాలె అని. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏండ్ల పాటు ఆ తీర్పునే చూపించుకున్నయ్.

అయినా 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా బంద్ పెట్టింది. ఇండ్లు మునుగుతుంటే నైపుణ్యం మాట ఎవరికి కావాలె? 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు గెలుస్తామని డబ్బు పెట్టే ఆటలు నిషేధం. అట్లాంటి ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌కు, మామూలు సోషల్ గేములకు మాత్రం ప్రోత్సాహం.

ఇప్పుడు ఆలోచించండి. రమ్మీలో కొంత తెలివి ఉన్నది, అయినా బంద్ చేసినం. క్రేట్ తెరిచే దాంట్ల ఏం తెలివి ఉన్నది? వేలు పెట్టి నొక్కుడే. పదమూడేండ్ల పిల్లగాడు దర్జాగా తెరుస్తున్నడు. ఎందుకంటే ఆ చట్టం గురి డబ్బు గెలిచే ఆట మీద. క్రేట్‌లో గెలిచినా చేతికి పైసా రాదు, బొమ్మ వస్తది. కాబట్టి అది దుకాణం కిందికి పోతది, పందెం కిందికి రాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్న: పిల్లగాని మనసుకు రెండూ ఒక్కటే. ఈసారి తగులుతది, ఈసారి తగులుతది అనే ఆశనే అమ్ముతున్నరు.

బయటి దేశాలు దీన్ని పట్టించుకున్నయ్. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని పెద్ద గేముల్లోని లూట్ బాక్సులు జూదమే అన్నది. 2024 జనవరిలో కొరియాలో, మేపుల్‌స్టోరీ గేమ్‌లో వస్తువు వచ్చే అవకాశాన్ని ఆటగాళ్లకు చెప్పకుండా తగ్గించినందుకు నెక్సాన్ కంపెనీకి అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ సుమారు 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. మన లెక్కలో 70 కోట్ల రూపాయల పైమాటే. అదే ఏడాది మార్చి నుంచి అవకాశం ఎంతో గేముల్లో తప్పకుండా రాయాలని అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది.

మన దగ్గర? 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏండ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, రోజుకు 7 వేల రూపాయలు హద్దు అని కంపెనీ చెప్పింది. హద్దు పెట్టుడు మంచిదే. కానీ రోజుకు 7 వేలంటే నెలకు 2 లక్షల 10 వేలు. మన ఓపెన్ కాస్ట్‌లో కాంట్రాక్ట్ కింద పనిచేసే మనిషికి అది ఎన్ని నెలల జీతమో మీరే చెప్పండి.

గేములో మస్టర్

ఇంకో సంగతి మనోళ్లకు తొందరగా అర్థమైతది. బాయికి పోయి మస్టర్ పడకపోతే ఆ రోజు జీతం లేదు. గేములు ఇదే పట్టుకున్నయ్. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్క రోజు తప్పితే వరుస పాయె. సీజన్ పాస్ కొంటవు, ఇన్ని రోజుల్లో ఇన్ని మిషన్లు చేయకపోతే పైసలు ఇచ్చి కూడా వస్తువులు రావు. ఆడాలనిపించి ఆడుడు పోయి, పోతదేమో అన్న భయంతో ఆడుడు మొదలైతది. మన గనుల్లో ఆదివారం డ్యూటీని ప్లే డే అంటరు, ఆ రోజుకు జీతం ఎక్కువ. గేములో రోజూ ప్లే డేనే. కాకపోతే జీతం మనమే కట్టాలె.

కొన్నది మనదేనా?

ఇంత పెట్టి కొన్న వస్తువు మనదా అంటే, అదీ కాదు. ద క్రూ అనే రేసింగ్ గేమ్ 2014లో వచ్చింది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. డబ్బులు పెట్టి కొన్నోళ్లు కూడా ఒంటరిగా సైతం ఆడుకోలేరు. దాని మీదనే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం వచ్చి, యూరప్‌లో 12 లక్షలకు పైగా సంతకాలు సంపాదించింది. వాళ్లు అడిగేది చిన్న కోరికే: సర్వర్ ఆపుతే ఆపండి, కొన్నోడు ఆడుకునే దారి ఉంచిపోండి. మనకూ అనుభవం ఉన్నది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ నిషేధం, 2022 జులైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయం. తిరిగి వచ్చింది 2023 మేలో. స్కిన్ల మీద వేలు పెట్టినోళ్లు ఈ మధ్యల ఎవరిని అడగాలె?

అన్ని కంపెనీలు ఇట్లనే ఉన్నయని అనను. 2016లో ఒక్క మనిషి తయారుచేసిన స్టార్‌డ్యూ వ్యాలీకి ఏండ్ల తరబడి అప్‌డేట్లు ఫ్రీగానే వచ్చినయ్. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 లోపల దుకాణమే లేదు. అవీ బాగా అమ్ముడుపోయినయ్. అట్లనే 2017లో బ్యాటిల్‌ఫ్రంట్ 2 మీద గేమర్లు గట్టిగా తిరగబడితే, విడుదలకు ఒక్కరోజు ముందు ఈఏ కంపెనీ పైసల కొనుగోళ్లను ఆపేసింది. అంటే అడిగితే వింటరు.

ఇంట్ల ఏం చేయాలె?

ఒకటి, యూపీఐ పిన్ మార్చండి, పిల్లలకు చెప్పకండి. రెండు, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టండి. మూడు, యూపీఐ యాప్‌లో ఆటోపే చూసి తెలియనివి రద్దు చేయండి. నాలుగు, పిల్లలు కొన్నట్టు తెలిస్తే 48 గంటల్లోపే గూగుల్ ప్లేలో రిఫండ్ అడగండి, ఆలస్యం అయితే కష్టం. ఐదు, ఎవడైనా సగం ధరకే డైమండ్స్ అని పైసలు గుంజితే 1930కి ఫోన్ చేయండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా చెప్తున్న. పిల్లలు ఆడే గేములో క్రేట్ అమ్మొద్దు. అమ్మే వస్తువు పక్కన రూపాయల్లో ధర రాయాలె. పెద్దోళ్ల కోసమైనా అవకాశం నూటికి ఎంతో పెద్ద అక్షరాల్లో ఉండాలె.

ఆ పిల్లగానితో కూడా మాట్లాడిన. అన్ని క్రేట్లలో ఏం వచ్చిందిరా అంటే రెండు చొక్కాలు, ఒక పారాచూట్ చూపెట్టిండు. ఎందుకు కొన్నవంటే, స్కిన్ లేకపోతే క్లాసులో స్క్వాడ్‌ల చేర్చుకోరన్నా అన్నడు. వాడు ఆటకు బానిస కాలే, దోస్తుల ముందు చిన్నబోవద్దనుకున్నడు. వాన్ని కొట్టకండి అని అన్నకు చెప్పిన. ఆదివారం మా ఇంటికి పంపమన్న. నా దగ్గర కాంట్రా ఉంది, ఇద్దరం కలిసి ఆడేది. చివరిదాకా పోతే అయిపోతది ఆ గేమ్.

మీ ఇంట్ల ఇట్లాంటిది జరిగితే దాచుకోకుండా కామెంట్‌లో రాయండి, పక్కోళ్లకు పనికొస్తది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.