మదనపల్లెలో రవీంద్రనాథ్ ఠాగూరు

విశ్వకవి '''రవీంద్రనాథ్ ఠాగూరు''' 1919 ఫిబ్రవరి చివరి వారములో, నాటి చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగా గడిపాడు. భారత జాతీయగీతమైన జనగణమనకు ఆయన స్వయముగా చేసిన ఆంగ్లానువాదము ఇక్కడే వెలువడినది.

== నేపథ్యము ==
ఈ కళాశాలను 1915లో అనీ బిసెంట్ స్థాపించింది. ఐర్లండు కవి జేమ్స్ హెచ్. కజిన్స్ అదే సంవత్సరము ఆమె ఆహ్వానముపై భారతదేశానికి వచ్చి, ఆమె నడిపిన న్యూ ఇండియా పత్రికలో పనిచేశాడు. 1916 నాటి ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్రాసిన వ్యాసము వలన ఆ ఉద్యోగము పోగా, మదనపల్లెలో అధ్యాపకుడై తరువాత ప్రిన్సిపాలు అయ్యాడు. ఆంగ్ల కవిత్వముపై ఆయన వ్రాసిన గ్రంథమును సమీక్షించ పూనుకొనియే శ్రీ అరవిందులు 1917లో ''ది ఫ్యూచర్ పొయెట్రీ'' వ్యాసాలను ఆరంభించారు.

== గానము, అనువాదము ==
కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు కలసి పాటలు పాడుకొనే సాయంకాలపు గోష్ఠి జరిగేది. కజిన్స్ దంపతుల ఆత్మకథ (1950) ప్రకారము, ఠాగూరు అట్టి గోష్ఠిలో జనగణమనను పాడగా, బెంగాలీ రాని విద్యార్థులు సైతము పల్లవిలో గొంతు కలిపారు. అనంతరము ఆయన గీతమును 'భారతదేశపు ఉదయగీతము' అను అర్థము వచ్చే శీర్షికతో ఆంగ్లములోనికి అనువదించాడు. ఆ చేతివ్రాత ప్రతిపై 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉన్నది. సంగీత పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్స్ ఈ పాట బాణీని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసింది.

== అపోహలు ==
జనగణమన మదనపల్లెలో రచింపబడినదన్న మాట సరికాదు. దానిని మొదటగా 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. అదే సభలో ఐదవ జార్జి చక్రవర్తికి స్వాగత తీర్మానము కూడా జరగడముతో, గీతము ఆయనను ఉద్దేశించినదేనని కొన్ని పత్రికలు వ్రాశాయి. ఠాగూరు 1937లో ఒక లేఖలో దీనిని ఖండించాడు. యుగయుగాలుగా ప్రజలను నడిపించే సారథి ఒక మానవ చక్రవర్తి కాజాలడని ఆయన వాదన. ఐదు చరణాల మదనపల్లె అనువాదములోనూ ఈ భావమే కనిపిస్తుంది.

== ప్రాముఖ్యత ==
1950 జనవరి 24న గీతము మొదటి చరణము జాతీయగీతముగా స్వీకరింపబడినది. కజిన్స్ 1956లో మదనపల్లెలోనే మరణించాడు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత ఈ కళాశాల దానికి అనుబంధమయ్యింది. మదనపల్లె 2022లో అన్నమయ్య జిల్లాలో చేరినది.