బొమ్మకు ముందు బొమ్మ

సినిమా హాలులో దీపాలు ఆరిన తరువాత, కథ మొదలు కాకముందు ఒక చిన్న ముచ్చట జరుగుతుంది. చిత్రం తీసిన సంస్థ గుర్తు తెరమీద కదులుతుంది. జెమినీవారి కవల బాలలు బాకాలు ఊదేవారు. విజయావారి జెండా రెపరెపలాడేది. విజయుడంటే అర్జునుడు కనుక దానిమీద కపిరాజు కొలువుండేవాడు. 1964లో రామానాయుడుగారు స్థాపించిన సురేష్ ప్రొడక్షన్స్ గుర్తులో ఆయన కుమారులిద్దరూ 'ఎస్', 'పి' అక్షరాలమీద నిలబడి ఉంటారు. వైజయంతీవారికి రామారావుగారే కృష్ణుడై శంఖం పూరిస్తారు. పట్టుమని నిమిషమైనా ఉండని ఈ బొమ్మమీద ఇంత శ్రద్ధ ఎందుకు?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు కావ్యాలే గుర్తుకు వస్తాయి. కావ్యారంభం మూడు విధాలన్నాడు దండి: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం. నన్నయగారు కూడా త్రిమూర్తులను సంస్కృత శ్లోకంతో స్తుతించిన తరువాతనే భారతంలోకి దిగారు. కృష్ణుడి శంఖం నమస్కారం జాతి. జెమినీ బాకా మాత్రం 'ఇదుగో, వస్తున్నాం' అనే చాటింపు.

ఈ ఆచారం సినిమాతో ఆగలేదు. నా చిన్నతనంలో జగిత్యాలలో బిళ్ళ వేసి ఆడే వీడియో ఆటపెట్టెలు ఉండేవి. కరెంటు పోయి వచ్చిందంటే పెట్టె ముందు తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకునేది. ఆ తరువాత తయారు చేసినవారి పేరు మెరిసేది. అటుపైన ఎవరూ ఆడకుండానే ఆట దానంతట అదే సాగుతూ దారినపోయేవారిని పిలిచేది. 1989లో జపానుకు చెందిన నింటెండో కంపెనీ తెచ్చిన గేమ్ బాయ్ సంగతి ఇంకా విశేషం. మీట నొక్కగానే కంపెనీ పేరు పైనుంచి మెల్లగా దిగి, నడుమ ఆగి, 'టింగ్'మనేది. చూడటానికి ముద్దుగా ఉన్నా నిజానికి అది ద్వారపాలకుడు. లోపల పెట్టిన కార్ట్రిడ్జిలోనూ అదే గుర్తు ఉన్నదో లేదో పెట్టె సరిచూసుకునేది. ఇసుమంత తేడా వచ్చినా ఆట మొదలయ్యేదే కాదు!

ఇదంతా ఇప్పుడెందుకంటే, కోరుట్లలో నా దగ్గర చదివిన సిరిసిల్ల కుర్రవాడొకడు ముగ్గురు మిత్రులతో కలిసి, ఆనాటి పెట్టెల తరహా ఆట ఒకటి తయారు చేస్తున్నాడు. వారి సంస్థ గుర్తులో ఒక నాడె తెరకు అడ్డంగా పరుగెత్తుతుంది. దాని వెంట సాగిన దారమే అక్షరాలవుతుంది. వాడి తండ్రి సాంచెలు నడుపుతాడు. ఆయనకు చూపిస్తే, "నాడె అటు పోయినంక ఇటు రావద్దారా? ఒక్క దిక్కే పోతే బట్ట ఎట్లయితది?" అన్నాడట. పిల్లలు వారం రోజులు కూర్చుని నాడెను వెనక్కు రప్పించారు.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. ఆటను బజారులోకి తీసుకువెళ్ళే వ్యాపారి, "ఆడేవాడికి అంత ఓపిక ఉండదు, దాన్ని కోసెయ్యండి" అంటున్నాడట. "ఏం చేయమంటారు, సార్?" అని అడిగాడు.

వ్యాపారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. నాందియే నాటకమంత సాగితే ప్రేక్షకుడు లేచిపోతాడు. "రెండు సెకన్లు చాలునయ్యా. చూసినదే మళ్ళీ చూడలేనివాడికి దాటిపోయే మీట ఇవ్వండి. తీసెయ్యడం మాత్రం వద్దు" అన్నాను.

కారణం చెబుతాను. సిరిసిల్ల సాంచెలమీద దిగిన బట్ట ఎన్ని ఊళ్ళు తిరిగినా, నేసిన చేతి పేరు దానిమీద ఉండదు. 2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలవల్ల ఆడపడుచులకు ఆ ఊరి పేరు ఇంటింటా తెలిసింది. నేసిన మనిషి పేరు అప్పుడూ తెలియలేదు. అటువంటి ఇంటి బిడ్డ మొదటిసారి తన పనికి తన పేరు పెట్టుకుంటున్నాడు. ఆ రెండు సెకన్లను కోసివేయమనడానికి నాకు నోరు రాలేదు.

మీ పిల్లలు ఫోనులో కొత్త ఆట తెరిచినప్పుడు, మొదట వచ్చే ఆ చిన్న బొమ్మను ఒక్కసారైనా చూడమనండి. వడ్డించినవారి ముఖం చూసి అన్నంలో చెయ్యి పెట్టడం మన ఇళ్ళలో ఉన్న మర్యాదే కదా!