బీటిల్సువారి తొలినాటి కచేరీలు: వినువారి వివాదము

సంగీతమునందు ప్రీతి గలవారు ఇరువురు కలిసినచోట వివాదము పుట్టుట సహజము. ఇంగ్లాండు దేశమున లివర్‌పూలు రేవుపట్టణమునుండి బయలుదేరి లోకప్రసిద్ధి గాంచిన ‘బీటిల్సు’ అను రాక్ సంగీత బృందము 1970లో విడిపోయినది. అర్ధశతాబ్దము గడచినను, వారి తొలినాటి కచేరీల ధ్వనిముద్రణములలో నేది మేలైనదను చర్చ యభిమానులలో నేటికిని అణగలేదు. ఆ చర్చయందు నిజముగా తేలవలసిన యంశమేదియో చదువరులకు విశదపఱుప దలచితిమి.

స్టూడియోలో పాట తప్పినచో మఱల పాడవచ్చును. కచేరీలో నోట వెడలిన స్వరము మరలి రాదు. గాయకుల శక్తియు, తొట్రుపాటును, సభవారి సందడియు నన్నియు టేపుమీద నెక్కును. ఈ గుణమునే కొందఱు మెచ్చుదురు, కొందఱు రోయుదురు.

వివాదమునకు గుఱియైనవానిలో మూడు ముఖ్యములు. మొదటిది జర్మనీలో హాంబర్గు నగరమందలి స్టార్ క్లబ్బున 1962 డిసెంబరు నెలాఖరున పట్టబడినది. అప్పటికి వారికి లోకఖ్యాతి రాలేదు. ఇంటివాడుకకై చేసిన గ్రుండిగ్ టేపుయంత్రముతో దీనిని పట్టిరి. అందు టేపు సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగమున నడచినది. స్టూడియోలలో వాడుక వేగము 38 సెంటీమీటర్లు. వేగము తగ్గినకొలది సన్నని హెచ్చుధ్వనులు సరిగా నిలువవు, రొద హెచ్చును. కావున నిందు గాత్రము దూరమునుండి వచ్చినట్లు తోచును. అయినను వాద్యముల యూపు మిక్కిలి తీవ్రమైనది. హాంబర్గులో రాత్రులు గంటలకొలది వాయించి రాటుదేలిన యువకుల నిజస్వరూపము ఇచ్చటనే కలదని యొక పక్షమువారందురు. చెవికి హింసయని రెండవ పక్షమువారి మాట.

రెండవది అమెరికాలో లాస్ ఏంజలీసు నగరమున, హాలీవుడ్ బౌలు అను నారుబయటి రంగస్థలమున, 1964, 1965 ఆగస్టు నెలలలో పట్టబడినది. పట్టినవారు నిపుణులు, యంత్రములు మంచివి. అయిననేమి! సుమారు 17 వేల జనము కేకలు మానలేదు. తమ పాట తమకు వినిపించు స్పీకర్లను వేదికపై నుంచు నేర్పాటు వారికి లేదు. తమ గొంతు తమకే వినబడకున్నను వారు పాట సాగించిరి. ఈ ముద్రణమును జార్జి మార్టిన్ సవరింపగా 1977లో పళ్లెముగా వెలువడినది. ఆయన కుమారుడు జైల్సు మార్టిన్ నూతన సాధనములతో పాటను కేకలనుండి పైకి దెచ్చి 2016లో మఱల వెలువరించెను. పాట తేటపడినదని సంతసించువారును గలరు. ఆ కేకలే యానాటి చరిత్రయని వగచువారును గలరు.

మూడవది విద్యార్థులకు విశేషముగా రుచించును. 1963 ఏప్రిలు 4వ తేదీన బీటిల్సువారు ఇంగ్లాండులోని స్టో అను వసతి పాఠశాలలో వాయించిరి. పదునైదేండ్ల విద్యార్థి యొకడు తన టేపుయంత్రముతో ఆ కచేరీని పట్టెను. శ్రోతలు దాదాపుగా నందఱును బాలురే యగుటచే కేకలు పాటను ముంచివేయలేదు. వేదికమీది మాటలును, బాలుర కోరికలును వినబడుచున్నవి. ఆ టేపు అరువదేండ్లు మఱుగున నుండి, 2023లో బి.బి.సి. రేడియో ద్వారా లోకమునకు తెలిసినది.

‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’ అను పాట హాంబర్గు టేపులోను, స్టో టేపులోను గలదు. ఈ రెంటి నడుమ, 1963 ఫిబ్రవరి 11న, స్టూడియోలోను వారు దానిని పాడిరి. నాలుగు నెలలలో నొక్కపాట మూడుచోట్ల నెట్లు నడచెనో పోల్చి చూచుట కిది చక్కని యవకాశము. స్టూడియో పళ్లెము ఒక్కటియే యున్నచో నిట్టి పోలిక సాధ్యము కాదు.

ఇక వివాదమున కింకొక ముఖము గలదు. హాంబర్గు ముద్రణము 1977లో వెలువడినపుడు బీటిల్సువారు దానిని ఆపజూచిరి, కాని సాగలేదు. 1998లో లండను న్యాయస్థానమున జార్జి హారిసన్ స్వయముగా సాక్ష్యమిచ్చి, ఆ ముద్రణము నాసియనియు, దానికి సరియైన యొప్పందము లేదనియు చెప్పెను. తీర్పు బీటిల్సువారి పక్షముననే వచ్చినది. తన పేరిట లోకమున తిరుగుదానిని గూర్చి పలుకు హక్కు కళాకారునికి గలదని మేమును ఒప్పుకొందుము. అయితే పనివానికి నచ్చని పని విలువలేనిదని చెప్పుట న్యాయము కాదు. హక్కు వేఱు, విలువ వేఱు.

మా యభిప్రాయమున నీ వాదములు తెగకుండుటకు కారణము చెవులలోని భేదము కాదు, ప్రశ్నలలోని భేదము. “ఏది వినుట కింపు?” అని యొకరు, “ఏది యథార్థమును చూపును?” అని యొకరు, “ఏది గాయకుల కీర్తికి తగినది?” అని వేఱొకరు మనస్సున నుంచుకొని, మువ్వురును “ఏది మేలు?” అని యొక్క మాటనే పలుకుచున్నారు. ఇంపు కోరువారికి 2016 నాటి హాలీవుడ్ పళ్లెము చాలును. బృంద మెట్లు ఎదిగెనో తెలిసికొన గోరువారికి హాంబర్గు టేపు, ఎన్ని లోపములున్నను, విడువరానిది. ఈ రెండు గుణములును కొంత కొంతగా గలది స్టో పాఠశాల టేపు.

వాదమునకు దిగుటకు ముందు తామడుగు ప్రశ్న యేదియో తేల్చుకొనుట సంగీతమునందే గాక, చరిత్రమునందును, తరగతి గదిలోని చర్చలందును మేలుచేయు నలవాటు. ఆ టేపును పట్టిన బాలుడు వాదింపలేదు; శ్రద్ధతో విని, విన్నదానిని భద్రపఱచెను. నేడు పెద్దలు వాదించుకొనుటకు సాక్ష్యము మిగిలినది వాని శ్రద్ధవలననే గదా!